కరెంటు పోయి వస్తే మార్చి 4: కొర్లగుంటలో ఒక ఇంటి రౌటర్ టైం కథ

మే రెండో వారంలో తిరుపతిలో గాలివాన పడింది. కొర్లగుంట వైపు మూడు గంటలకు పైగా కరెంటు లేదు. మరుసటి రోజు పొద్దున్నే ఒక ఇంటి కోడలు ఫోన్ చేసింది. "అన్నా, మళ్లీ అదే. ఫోన్లో వైఫై గుర్తు నిండుగా ఉండాది, ఏ పేజీ తెరుచుకోదు. పది గంటలకి నాకు ఆఫీసు మీటింగుండాది."

"మళ్లీ" అన్న మాట నాకు గుచ్చుకుంది. మార్చి మొదట్లో అదే ఇంటికి అదే ఫిర్యాదు మీద వెళ్లాను. సరిచేశాననుకుని డబ్బులు కూడా తీసుకున్నాను. నేనక్కడ చేసిన పొరపాటు ఇళ్లకు వెళ్లి నెట్‌వర్క్ పనులు చేసే వాళ్లలో చాలామంది చేసేదే. అందుకే ఈ కేసు మొదటి నుంచీ రాస్తున్నాను.

ఇంట్లో ఉండేది రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య, ఇంటి నుంచే పనిచేసే కోడలు, తొమ్మిదో తరగతి మనవడు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. పోయిన దసరా సెలవులకు వచ్చినప్పుడు కొత్త రౌటర్ కొని, అందులో ఓపెన్‌వర్ట్ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసి, మూడు ఏర్పాట్లు చేసి వెళ్లాడు. పేరు చెబితే నంబరు చిరునామా ఇచ్చే డీఎన్‌ఎస్‌కి వెళ్లే ప్రశ్నలన్నీ గుప్తంగా, టీఎల్ఎస్ అనే తాళం పద్ధతి మీదే పోవాలి. బెంగళూరులోని తన ఫ్లాట్‌కీ ఈ ఇంటికీ మధ్య వైర్‌గార్డ్ టన్నెల్, అంటే నెట్ మీదుగా ఒక ప్రైవేటు దారి ఉండాలి, గేటు దగ్గర కెమెరాలు అక్కడి నుంచి చూసుకోవడానికి. మనవడి ఫోన్‌కి రాత్రి పదింటికి నెట్ ఆగిపోవాలి. కొడుకు పనిమంతుడే, దేన్లోనూ తొందరపాటు కనిపించలేదు. రౌటర్ నెట్‌లో ఎవరిని టైం అడగాలో రాసే టైం సర్వర్ గడిలో మాత్రం ఎక్కడో చూసిన ఒకే ఒక్క పేరు రాసి వదిలేశాడు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. గంట, గంటన్నర కరెంటు పోతే రౌటర్‌కు తెలియను కూడా తెలియదు. బ్యాటరీ అయిపోయేంత సేపు పోయినప్పుడే రౌటర్ ఆరిపోతుంది. కాబట్టి ఈ జబ్బు ఎప్పుడో గానీ బయటపడదు, బయటపడినప్పుడు ఎవరికీ పాతది గుర్తుండదు.

మార్చిలో వెళ్లినప్పుడు రౌటర్ టైం సరిగ్గానే ఉంది. ముందురోజు కొడుకు ఫోన్లో చెబుతుంటే కోడలు రౌటర్ పేజీ తెరిచి, బ్రౌజర్ టైం తీసుకోమనే బటన్ నొక్కింది. నెట్ వచ్చేసింది. లాగ్ (రౌటర్ రాసుకునే చిట్టా) చూస్తే పాత టైం సర్వర్ పేరు దొరకలేదని వరసగా లైన్లు ఉన్నాయి. ఆ సర్వరే పోయిందనుకున్నాను. దాని చోట భారత పూల్ (టైం సర్వర్ల ఉమ్మడి గుంపు) పేర్లు నాలుగు రాసి సేవ్ నొక్కాను. టైం కుదిరింది. ఒకసారి రీస్టార్ట్ చేశాను, మళ్లీ కుదిరింది. అక్కడికి పని అయిపోయిందనుకున్నాను.

మేలో రెండోసారి వెళ్లినప్పుడు కోడలిని ఏ బటనూ నొక్కొద్దని చెప్పి, ఆ పాడు స్థితిలోనే రౌటర్‌లోకి వెళ్లాను. తేదీ అడిగితే మార్చి 4 అని చూపించింది. బయట మే ఎండ మండుతుంటే లోపల మార్చి 4, సాయంత్రం. ఆ తేదీ ఎక్కడిదని కాసేపు ఆలోచించి, నా ఫోన్లో పాత బిల్లు తీసి చూశాను. నేను మొదటిసారి వచ్చి సేవ్ నొక్కిన రోజు అది.

కేసంతా ఆ తేదీలోనే ఉంది. ఇళ్లలో వాడే రౌటర్లలో చాలావాటికి లోపల బ్యాటరీ గడియారం ఉండదు. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద కనిపించే గుండ్రటి బిళ్ల బ్యాటరీ వీటిలో వెతికినా దొరకదు. కరెంటు పోతే కాలం కూడా పోతుంది. కొన్ని రౌటర్లు 1970 జనవరి 1 నుంచి మొదలెడతాయి. ఓపెన్‌వర్ట్ కొంచెం తెలివిగా, సెట్టింగులు దాచుకునే ఫోల్డర్‌లో అన్నిటికంటే కొత్త ఫైలు తేదీ చూసి, కనీసం ఆ రోజైనా అయి ఉంటుందని అక్కడి నుంచి లెక్క మొదలెడుతుంది. ఆ తర్వాత ఎన్‌టిపి, అంటే నెట్‌లో టైం అడిగే పద్ధతి ద్వారా అసలు టైం తెచ్చుకుంటుంది.

ఈ ఇంట్లో ఆ రెండో అడుగు పడలేదు. టైం సర్వర్ పేరుకు చిరునామా కావాలంటే డీఎన్‌ఎస్ కావాలి. డీఎన్‌ఎస్ టీఎల్ఎస్ మీద ఉంది. టీఎల్ఎస్‌లో అవతలి సర్వర్ తను అసలుదేనని చూపించే సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. ఆ డీఎన్‌ఎస్ సంస్థ ఏప్రిల్‌లో కొత్త సర్టిఫికెట్ పెట్టుకుంది. మార్చి 4లో ఉన్న మన రౌటర్‌కి అది ఇంకా పుట్టని సర్టిఫికెట్. లాగ్‌లో కూడా అదే ఉంది, సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని. అందుకని పేరు దొరకదు, పేరు దొరక్క టైం రాదు, టైం రాక సర్టిఫికెట్ చెల్లదు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

మార్చిలో నా వైద్యం ఎందుకు పనిచేసినట్టు కనిపించిందో అప్పుడు అర్థమైంది. నయం చేసింది నేను రాసిన నాలుగు పేర్లు కావు, సేవ్ బటన్. సేవ్ నొక్కగానే ఫైలు తేదీ దసరా నుంచి మార్చి 4కి వచ్చింది. ఆ రోజుకు సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి రీస్టార్ట్ చేసినా అన్నీ లేచాయి. ఏప్రిల్‌లో సర్టిఫికెట్ మారడంతో జబ్బు తిరిగొచ్చి, పెద్ద కరెంటు కోత కోసం కాచుకుని కూర్చుంది. పాత టైం సర్వర్ మీద అనవసరంగా నింద వేశాను. అది చచ్చిపోలేదు, దాని పేరు అడగడానికి రౌటర్‌కి దారి లేదంతే.

సర్వర్ల ఎంపిక

దారి సరిచేసే ముందు అసలు ఎవరిని టైం అడగాలన్నది మళ్లీ మొదటి నుంచి ఆలోచించాను. మాస్టారు కూడా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"నాయనా, దీనికి ఏ ఊరి టైం చెబుతారు? పంచాంగంలో మన తిరుపతి సూర్యోదయం వేరేగా వేస్తారు కదా" అన్నారు. మంచి ప్రశ్న. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్క, 1906 నుంచి అమల్లో ఉంది. తిరుపతి దాదాపు 79.4 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఆయనే నోటితో లెక్కేసి "పన్నెండు నిమిషాల పైచిలుకు వెనక" అన్నారు. రౌటర్‌కి ఈ గొడవేదీ లేదని చెప్పాను. ప్రపంచంలో ఏ టైం సర్వర్ అయినా ఇచ్చేది యూటీసీ అనే ప్రపంచ ఉమ్మడి టైం ఒక్కటే. ఐదున్నర గంటలు కలపడం మన రౌటర్ పని. సర్వర్ ఢిల్లీలో ఉన్నా జర్మనీలో ఉన్నా వచ్చే టైం మారదు.

ఆ మాట చెబుతూ టైం జోన్ చూస్తే యూటీసీ అనే ఉంది. అమ్మగారు వంటింట్లోంచే అన్నారు: "పదింటికి ఆగిపోతాదని చెప్పినాడు మావాడు. వీడు ఒంటిగంట దాకా చూస్తానే ఉంటాడు." యూటీసీ రాత్రి పది అంటే మనకు తెల్లవారుజామున మూడున్నర. తాళం ఇన్నాళ్లూ మూడున్నరకు పడుతోంది. ఆసియా, కోల్‌కతా అని ఎంచి, వేళల పట్టిక నడిపే క్రాన్‌ని కూడా మళ్లీ మొదలుపెట్టాను. అది పాత జోన్‌నే పట్టుకుని ఉంటుంది, చాలామంది ఇక్కడ మర్చిపోతారు. టైం జోన్ చేత్తో రాసే రౌటర్లలో ఇంకో చిక్కు ఉంది. ఆ రాతలో మన దేశానికి ఐదున్నర ముందు మైనస్ గుర్తు పెట్టాలి. ముందున్నాం కదా అని ప్లస్ పెడితే పదకొండు గంటలు తేడా వస్తుంది. మనవడు ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు.

ఇక సర్వర్లు. మన దేశ కాలాన్ని నిలబెట్టేది న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ, అక్కడి సీజియం గడియారాలు. వాళ్లకు ఎన్‌టిపి సర్వర్ ఉంది. ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు చూసే ఎన్‌ఐసీకి సమయ్ పేరుతో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, డేటా సెంటర్లు, సర్వీసు సంస్థలు ఈ రెండింటితోనో, వీటి నుంచి లెక్క అందుకునే సర్వర్లతోనో టైం కలుపుకోవాలి. ఇంటి రౌటర్‌కి ఆ నిబంధన లేదు. పూల్ అనేది 2003 నుంచి నడుస్తున్న స్వచ్ఛంద ఏర్పాటు. ఎవరెవరో తమ సర్వర్లను అందులో చేరుస్తారు, పేరు అడిగిన ప్రతిసారీ వాటిలో కొన్ని చిరునామాలు వస్తాయి. ఇవి కాక గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ వంటి సంస్థలవి ఉన్నాయి.

దగ్గరి సర్వరే మంచిదని అందరూ అంటారు. కొంతవరకే నిజం. ఎన్‌టిపి లెక్క ఎలా సాగుతుందో తిరుపతి వాళ్లకు ఘాట్ రోడ్డు మీద చెప్పొచ్చు. ఎనిమిదింటికి అలిపిరిలో బయల్దేరి ఎనిమిదిన్నరకు కొండ మీద చేరాం. తొమ్మిదింటికి దిగడం మొదలుపెట్టి తొమ్మిది నలభైకి కింద ఉన్నాం. పైన చూసిన టైములు పై గడియారంవి, కింద చూసినవి కింది గడియారంవి. ఈ నాలుగు అంకెలతో రెండు గడియారాల తేడా కట్టాలంటే, ఎక్కడానికి దిగడానికి సమానంగా పట్టిందని అనుకోవాలి. ఎన్‌టిపి అనుకునేది అదే. కానీ ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. ఇక్కడ ముప్పై, నలభై నిమిషాలు పట్టాయి. రెండు గడియారాలూ ఒకటే చూపిస్తున్నా, పైది ఐదు నిమిషాలు వెనకబడిందని లెక్క తేలుతుంది. మాస్టారు కాగితం మీద వేసి చూసుకుని ఒప్పుకున్నారు. నెట్‌లోనూ పోయే దారి, వచ్చే దారి వేరు కావచ్చు. అయితే ఆ తప్పు ఎంత పెరిగినా మొత్తం ప్రయాణ కాలంలో సగానికి మించదు.

ఆ ఇంటి నుంచి కొలిస్తే దగ్గరి సర్వర్ పది మిల్లీసెకన్లలోపు, ఢిల్లీ వైపువి నలభై, యాభై మధ్య జవాబిచ్చాయి. యాభైలో సగం ఇరవై ఐదు మిల్లీసెకన్లు. ఇంటి రౌటర్‌కి అర సెకను ఖచ్చితత్వం చాలు. అందుకని నేను దూరాన్ని పెద్దగా పట్టించుకోను. ప్రయాణ కాలం అడిగిన ప్రతిసారీ ఒకేలా ఉందా, అన్ని సర్వర్లూ ఒకే టైం చెబుతున్నాయా అన్నదే చూస్తాను. ఓపెన్‌వర్ట్‌లో టైం తెచ్చే ఎన్‌టిపిడి కమాండ్‌కి డబ్ల్యూ గుర్తు చేరిస్తే టైం మార్చకుండా అడిగి మాత్రమే చూపిస్తుంది. పది నిమిషాలు వదిలేసి తేడాల వరస చదివితే నిలకడలేనిది కనిపించిపోతుంది.

ఎన్ని పెట్టాలి? ఒకటి ఉంటే అది అబద్ధమాడినా తెలియదు. రెండు ఉంటే ఏది అబద్ధమో తెలియదు. మూడు ఉంటే ఒకటి తప్పినా రెండు ఒక మాట మీద ఉంటాయి. నాలుగోది ఏదో ఒకటి పడుకున్న రోజు కోసం. ఈ ఇంట్లో ఇది మరీ ముఖ్యం, వైర్‌గార్డ్ వల్ల. ఆ టన్నెల్ కుదుర్చుకునేటప్పుడు ప్రతి పలకరింపులో టైం పంపుతుంది. అవతలివాడు ఇంతకుముందు చూసిన టైం కంటే పాతది వస్తే, ఎవరో పాత సందేశాన్ని తిరిగి పంపుతున్నారని తోసేస్తాడు. మార్చి 4తో పలకరిస్తే బెంగళూరు తలుపు తెరవకపోవడం అందుకే. వెనక్కి పోయిన గడియారం దిద్దుకోగానే దారి తెరుచుకుంటుంది. ముందుకు పోయిన గడియారం ఇంకా చెడ్డది. ఏదో తప్పుడు సర్వర్ ఒక్కసారి వచ్చే ఏడాది తేదీ ఇచ్చి, దాంతో టన్నెల్ కుదిరితే, తర్వాత మన టైం సరైనా అవతలివాడు మన అసలు తేదీని పాతదనే అంటాడు. అక్కడి వైపు మళ్లీ మొదలుపెట్టేదాకా అంతే. ఒకే సర్వర్‌ని నమ్మొద్దని నేను పట్టుబట్టేది ఇందుకు.

గూగుల్‌ది పూల్‌తో కలపలేదు. భూమి తిరుగుడుతో లెక్క సరిపోవడానికి అప్పుడప్పుడు చేర్చే లీప్ సెకను వచ్చినప్పుడు గూగుల్ దాన్ని ఒక్కసారిగా కలపకుండా 24 గంటల మీద పలచగా పరుస్తుంది, పూల్‌లోవి మామూలుగా ఒక్క దెబ్బలో కలుపుతాయి. ఆ రోజంతా రెండు జట్లూ రెండు మాటలు చెబుతాయి. చివరి లీప్ సెకను వచ్చింది 2016 చివరన, మనకైతే 2017 జనవరి 1 తెల్లవారుజామున. 2035 నాటికి ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలని 2022లో తీర్మానం కూడా అయింది. ముప్పు చిన్నదే, కానీ కలపకుండా ఉండటానికి ఖర్చేమీ లేదు. చివరికి భారత పూల్ నుంచి మూడు పేర్లు, ఎన్‌ఐసీ సమయ్ ఒకటి పెట్టాను.

పేరు దొరికే దారి

"పేరు దొరక్కపోతే ఐపీ నంబరే రాసేయొచ్చు కదా" అని కొడుకు ఫోన్లో అడిగాడు. పనిచేస్తుంది. అయినా నేను రాయను. 2003లో అమెరికాలోని విస్కాన్సిన్-మ్యాడిసన్ విశ్వవిద్యాలయం టైం సర్వర్ మీద ప్రశ్నల వరద పడింది. వెతికితే తేలిందేమిటంటే, నెట్‌గేర్ ఇంటి రౌటర్లు కొన్ని రకాల్లో ఆ సర్వర్ ఐపీ నంబరు లోపలే అచ్చయి ఉంది. జవాబు రాకపోతే ప్రతి సెకనూ అడుగుతూ ఉండేలా రాశారు. అలాంటి రౌటర్లు దాదాపు 7 లక్షలు. పేరైతే సర్వర్ యజమాని ఆ పేరును వేరే చోటికి తిప్పుకోగలడు, ఆపుకోగలడు. ఇళ్లల్లో అచ్చయిన నంబరును ఎవరూ పిలిచి మార్చలేరు. మన ఒక్క రౌటర్‌తో మునిగేదేమీ లేదు గానీ, మూడేళ్ల తర్వాత ఆ నంబరు మారితే ఈ ఇంటి గడియారం చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది, అప్పటికి నేను ఏం రాశానో నాకే గుర్తుండదు.

గుప్తంగా టైం తెచ్చుకునే ఎన్‌టిఎస్ అనే పద్ధతి 2020లో ప్రామాణికమైంది. క్లౌడ్‌ఫ్లేర్ ఇస్తుంది, క్రోనీ అనే ప్రోగ్రాం అడగగలదు. కానీ దానికీ సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కి తేదీ కావాలి. బ్యాటరీ లేని రౌటర్‌లో మళ్లీ మొదటికే వస్తాం. క్రోనీలో మొదటిసారి తేదీ చూడకుండా వదిలే వెసులుబాటు ఉంది గానీ, ఈ ఇంట్లో అంత పెట్టి నిర్వహించేవాళ్లు లేరు.

అందుకని చేసింది ఇంతే. రౌటర్‌లో డీఎన్‌ఎస్ ప్రశ్నలు చూసుకునే డీఎన్‌ఎస్‌మాస్క్‌కి ఒక నియమం రాశాను. పూల్ పేర్లు, సమయ్ పేరు అడిగితే మాత్రం నెట్ కంపెనీ ఇచ్చే మామూలు డీఎన్‌ఎస్‌ని అడుగు, మిగతా అన్నీ గుప్త దారిలోనే పంపు. బయటికి తెలిసేదల్లా ఈ ఇంటివాళ్లు టైం అడుగుతున్నారని. దాంతో ఎవరికీ ఒరిగేదేం లేదు.

రెండో కాపు: రోజూ రాత్రి రెండున్నరకు సెట్టింగుల ఫోల్డర్‌లో ఒక ఖాళీ ఫైలు తేదీని తాజా చేసేలా పెట్టాను. రౌటర్ ఎప్పుడు ఆరి వెలిగినా, ఆరడానికి ముందు చివరిసారి తాజా చేసిన రెండున్నర దగ్గరి నుంచే లేస్తుంది. రోజుకు ఒక్క రాత కాబట్టి ఫ్లాష్ మెమరీ అరిగిపోదు.

పరీక్ష

మార్చిలో నేను చూసింది నడుస్తున్న రౌటర్‌ని. ఆ తర్వాత రీస్టార్ట్ చేసినప్పుడు కూడా అప్పుడే సేవ్ చేసిన తాజా ఫైలు ఉంది. ఈసారి కావాలని పాడు చేశాను. రోజూ తాజా చేసే పని ఆపి, ఫోల్డర్‌లోని ఫైళ్ల తేదీలన్నీ ఏడాది వెనక్కి జరిపి, ఇన్వర్టర్ ప్లగ్గుతో సహా తీసి పది నిమిషాలు వదిలేశాను. మాస్టారు గోడ గడియారం చూస్తూ కూర్చున్నారు.

వెలిగించాక లాగ్ చదివాం. మొదటి లైన్లన్నీ పోయిన ఏడాది తేదీతో. గుప్త డీఎన్‌ఎస్ సర్టిఫికెట్ చెల్లదంటూ రెండు మూడు లైన్లు. తర్వాత ఎన్‌టిపిడి రాసిన ఒక్క లైను: టైం ఫలానాకు మారుస్తున్నాను, తేడా ఇన్ని సెకన్లు. ఎనిమిది అంకెల తేడా. దాని కింది లైను ఈ రోజు తేదీతో ఉంది. మరి కొన్ని సెకన్లకు గుప్త డీఎన్‌ఎస్ లేచింది, దాని వెనకే బెంగళూరు టన్నెల్. "అదిగో, దూకింది" అన్నారు మాస్టారు, ఆ రెండు లైన్ల మధ్య వేలు పెట్టి.

ఇంకో పరీక్ష ఫైబర్ తీసేసి. నిజంగా కరెంటు వచ్చినప్పుడు రౌటర్ ముందు లేస్తుంది, ఫైబర్ పెట్టె ఆలస్యంగా లేస్తుంది, ఒక్కోసారి వీధి చివర పెట్టెకు కరెంటు ఇంకా రాదు. కాబట్టి తీగ లేకుండా వెలిగించి, పావుగంట తర్వాత గుచ్చాను. ఎన్‌టిపిడి ఓపికగా మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంది. తీగ గుచ్చిన నిమిషంలోపే టైం కుదిరింది. చివరగా నాలుగు సర్వర్లలో రెండింటిని ఫైర్‌వాల్‌లో ఆపి చూశాను, మిగతా రెండింటితో నడిచింది.

కెమెరా రికార్డర్ ఇన్నాళ్లూ తన సొంత గడియారం మీద నడుస్తూ నాలుగు నిమిషాలు ముందుకు పోయి ఉంది. రౌటర్‌నే ఇంటికి టైం సర్వర్‌గా చేసి, రికార్డర్‌ని దాన్నే అడగమన్నాను. బయటి వైపు నుంచి ఎన్‌టిపి వాడే 123 పోర్టు మూసే ఉందని చూసుకున్నాను.

వచ్చేముందు కోడలు అడిగింది: "అన్నా, ఇప్పుడు టైం సెకనుతో సహా కరెక్టు కదా, దర్శనం టికెట్లు పదింటికి వదిలినప్పుడు మనకి ముందు దొరకతాయా?" లేదమ్మా అన్నాను. అక్కడ లెక్క వాళ్ల సర్వర్ గడియారానిది. మన గడియారం సరిగ్గా ఉంటే ఎప్పుడు పేజీ తెరిచి కూర్చోవాలో తెలుస్తుంది, అంతకుమించి ఏమీ రాదు.

జూన్ రెండో వారంలో మరో పెద్ద గాలివాన, మళ్లీ ఇన్వర్టర్ ఖాళీ. మరుసటి రోజు మాస్టారే లాగ్ ఫొటో తీసి పంపారు. రౌటర్ ఆ రోజు తెల్లవారుజాము రెండున్నర నుంచి లేచింది. టైం దిద్దుకున్న లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన తేడా సెకన్లను గంటల్లోకి మార్చి రాశారు: 17 గంటల 6 నిమిషాలు.